పాత హార్డ్ డిస్కు నుంచి కొత్త డిస్కుకు

కంప్యూటర్‌లో కరెంటు పోయాక కూడా చెరగకుండా సమాచారాన్ని దాచి ఉంచేది హార్డ్ డిస్కు. ప్రాసెసర్ లెక్కలు చేస్తుంది. పని నడుస్తున్నంతసేపూ ర్యామ్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. స్విచ్ కట్టేశాక మిగిలేది డిస్కులో ఉన్నదే. ఇంటి కంప్యూటర్ డిస్కులో మూడు రకాల సరుకు ఉంటుంది. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్ గానీ లినక్స్ గానీ. రెండోది దాని మీద నడిచే ప్రోగ్రాములు. మూడోది ఇంటివాళ్లు సొంతంగా దాచుకున్న ఫొటోలు, ఉత్తరాలు, లెక్కలు, స్కాన్ చేసిన కాగితాలు. మొదటి రెండూ చాలావరకు మళ్లీ దొరుకుతాయి. మూడోది పోతే ఎక్కడా దొరకదు. డిస్కు మార్చే పనిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఈ తేడాను బట్టే తేలుతుంది.

యానాంలో ఆ మూడో రకం సరుకుకు విలువ మరీ ఎక్కువ. 1954 దాకా ఈ ఊరు ఫ్రెంచివారి పాలనలో ఉంది. ఆనాటి జనన పత్రాలు, వివాహ పత్రాలు ఫ్రెంచి భాషలో ఉంటాయి. భారత్, ఫ్రాన్స్ 1956లో కుదుర్చుకున్న ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోదలచినవారు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా తెలపవచ్చని అందులో ఉంది. అలా కోరుకున్నవారి వారసులకు తాతల నాటి కాగితాలు ఇప్పటికీ అవసరమే. అసలు కాగితం చివికిపోయిన ఇంట్లో దాని స్కాన్ కాపీయే ఆధారం. అది ఉన్న డిస్కు పాడైతే కొత్త డిస్కు కొనగలరు గానీ ఆ కాపీని కొనలేరు.

డిస్కులు ఎందుకు పాడవుతాయో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. మొదటి హార్డ్ డిస్కును ఐబీఎం కంపెనీ 1956లో బయటికి తెచ్చింది. అందులో 24 అంగుళాల వెడల్పున్న పళ్లాలు 50 ఉండేవి. అంత యంత్రమూ దాచగలిగింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక మంచి ఫొటోకు ఆ చోటు చాలీ చాలదు. చిన్న కంప్యూటర్లలో పట్టే 5 మెగాబైట్ల డిస్కును సీగేట్ సంస్థ 1980లో తెచ్చింది. పరిమాణం ఎంత మారినా పద్ధతి మారలేదు. అయస్కాంత పూత పూసిన పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక చిన్న హెడ్ అటూ ఇటూ కదులుతూ చదువుతుంది, రాస్తుంది. డెస్క్‌టాప్ డిస్కు సాధారణంగా నిమిషానికి 7200 చుట్లు, ల్యాప్‌టాప్ డిస్కు 5400 చుట్లు తిరుగుతాయి. హెడ్‌కూ పళ్లానికీ మధ్య ఎడం తల వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు. పని చేస్తున్న డిస్కుకు దెబ్బ తగిలితే హెడ్ పళ్లాన్ని గీకేస్తుంది. ఆ గీత పడిన చోటి సమాచారం ఇక తిరిగి రాదు.

పాడయ్యే డిస్కు చాలాసార్లు ముందే సూచనలిస్తుంది. ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతుంది. కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది. విండోస్ మొదలయ్యే ముందు డిస్కు పరీక్ష దానంతటదే మాటిమాటికీ నడుస్తుంది. కేబినెట్‌కు చెవి ఆనిస్తే టక్‌టక్‌మని ఒకే తాళంలో చప్పుడు వినిపిస్తుంది. ఈ చప్పుడు అన్నిటికన్నా ప్రమాదకరమైన గుర్తు. అది వినిపించిన డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరిగే అవకాశం ఉంది.

ప్రతి డిస్కూ తన ఆరోగ్యాన్ని తానే లెక్క రాసుకుంటుంది. ఆ పద్ధతి పేరు స్మార్ట్. ఆ లెక్కను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. డిస్కు బాగుంటే నీలం రంగు, జాగ్రత్త పడాల్సి ఉంటే పసుపు, పాడైతే ఎరుపు కనిపిస్తాయి. అందులో రెండు అంకెలను ముఖ్యంగా గమనించాలి. ఒకటి, పాడైన చోట్లను వదిలి డిస్కు వేరే చోటికి మార్చుకున్న సెక్టార్ల సంఖ్య. రెండోది, చదవడానికి వీలుకాక తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల సంఖ్య. రెండూ సున్నా ఉండాలి. సున్నా దాటి రోజురోజుకూ పెరుగుతుంటే డిస్కు మార్చే సమయం వచ్చినట్టే.

గూగుల్ సంస్థ తన కేంద్రాల్లోని లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. తనిఖీలో తొలి దోషం కనబడిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, దోషం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే అధ్యయనంలో మరో సంగతి కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ కనబడలేదు. కాబట్టి నీలం రంగు చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు. కాపీ లేని సమాచారానికి ఏ రంగూ భరోసా ఇవ్వదు.

వేసవి ఎండలకు డిస్కులు పోతాయని చాలామంది అనుకుంటారు. మరీ ఎక్కువ వేడిలో తప్ప ఉష్ణోగ్రతకూ డిస్కు చెడిపోవడానికీ పెద్ద సంబంధం కనబడలేదని ఆ అధ్యయనమే చెప్పింది. యానాంలో అంతకన్నా ఎక్కువగా చూసుకోవాల్సింది కరెంటును, గాలిలోని చెమ్మను. రాస్తున్న సమయంలో కరెంటు పోతే ఆ ఫైలు సగంలో తెగిపోతుంది. సముద్రం దగ్గరి ఉప్పుగాలి కేబుల్ కొనల్లోని లోహాన్ని తినేస్తుంది. డిస్కు పాడైందనుకున్న కంప్యూటర్ ఒక్కోసారి కేబుల్ తీసి కొత్తది పెట్టగానే మామూలుగా పనిచేయడానికి ఇదే కారణం. డిస్కు కొనే ముందు ఆ కేబుల్ మార్చి చూడడం తక్కువ ఖర్చుతో తీరే పరీక్ష.

కొత్తది ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న: మళ్లీ తిరిగే డిస్కా, ఎస్ఎస్‌డీయా? ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే హెడ్ లేదు. అంతా చిప్పుల్లోనే ఉంటుంది. తిరిగే డిస్కులో కావలసిన చోటికి హెడ్ చేరడానికి సెకనులో సుమారు వందో వంతు పడుతుంది. వినడానికి అది తక్కువే. కానీ విండోస్ మొదలవ్వాలంటే వేల చిన్న ఫైళ్లు చదవాలి, ఆ ఆలస్యమంతా కలిసి నిమిషాలవుతుంది. ఎస్ఎస్‌డీలో ఆ వెతుకులాట దాదాపు ఉండదు. అందుకే ఏడెనిమిదేళ్ల పాత కంప్యూటర్ కూడా ఎస్ఎస్‌డీ పెట్టగానే చురుగ్గా లేస్తుంది. తిరిగే డిస్కు సెకనుకు 100 నుంచి 150 మెగాబైట్లు ఇస్తే, సాటా ఎస్ఎస్‌డీ 500 మెగాబైట్లు దాటుతుంది. ఎన్‌వీఎమ్‌ఈ రకం వేలల్లో ఇస్తుంది.

రెండో ప్రశ్న, ఆ కంప్యూటర్‌లో ఏది పడుతుందన్నది. రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ దాదాపు ప్రతి పాత డెస్క్‌టాప్‌లోనూ, పాత డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లోనూ పడుతుంది. ఎన్‌వీఎమ్‌ఈ సన్నని పట్టీలా ఉంటుంది. దానికి మదర్‌బోర్డులో ఎమ్.2 అనే ప్రత్యేకమైన స్లాట్ కావాలి. ఎమ్.2 స్లాట్‌లలో కూడా సాటా రకం వేరు, ఎన్‌వీఎమ్‌ఈ రకం వేరు. పాత మదర్‌బోర్డుల్లో కొన్ని ఎన్‌వీఎమ్‌ఈని గుర్తించినా దాని నుంచి విండోస్ మొదలుపెట్టలేవు. మదర్‌బోర్డు మోడల్ నంబరు రాసుకుని, కంపెనీ పుస్తకంలో చూసుకున్నాకే కాకినాడ వెళ్లి కొనడం మంచిది.

మూడోది పరిమాణం. 1 టెరాబైట్ డిస్కు కొంటే విండోస్‌లో 931 గిగాబైట్లే కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. పాత డిస్కు ఎంత పెద్దదన్నదానికన్నా అందులో ఎంత నిండిందన్నది చూసి, దానికి రెట్టింపు ఉండేలా తీసుకుంటే కొన్నేళ్లు సరిపోతుంది. ఫొటోలు, వీడియోలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో విండోస్‌కు చిన్న ఎస్ఎస్‌డీ, దాచుకోవడానికి పెద్ద తిరిగే డిస్కు పెట్టుకోవడం పొదుపైన పద్ధతి.

కొత్తది చేతికి వచ్చాక మొదట చేయాల్సింది బిగించడం కాదు, బ్యాకప్. సొంత ఫైళ్లన్నిటినీ ఒక బయటి డిస్కులోకి కాపీ చేయాలి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు, డీ డ్రైవ్, బ్రౌజర్‌లో దాచిన గుర్తులు, పాస్‌వర్డులు, ట్యాలీ లాంటి లెక్కల ప్రోగ్రాముల డేటా, ఏదీ మరవకూడదు. కాపీ అయ్యాక ఆ బయటి డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టి, కొన్ని ఫైళ్లు తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకూడదు.

బ్యాకప్‌కు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. కాపీలు మూడు ఉండాలి, రెండు వేర్వేరు సాధనాల్లో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. ఈ మూడో షరతు గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి మరీ అవసరం. 2022 జులైలో వరద భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆ నీరు కిందికి దిగి యానాంలో ఇళ్లను ముంచింది. కంప్యూటర్, దాని బ్యాకప్ డిస్కు ఒకే గదిలో, ఒకే బల్ల సొరుగులో ఉంటే వరద రెండింటినీ కలిపే తీసుకుపోతుంది. ఒక కాపీ కాకినాడలోనో, హైదరాబాదులోనో, పుదుచ్చేరిలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచవచ్చు. లేదా క్లౌడ్‌లో ఉంచవచ్చు. దాచిపెట్టడానికి తిరిగే డిస్కే మేలు. ఎస్ఎస్‌డీని కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే చిప్పుల్లోని విద్యుదావేశం మెల్లగా తగ్గి సమాచారం చెడవచ్చు.

సొంత ఫైళ్లు భద్రమయ్యాక సిస్టమ్‌ను కొత్త డిస్కుకు చేర్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొత్త డిస్కులో విండోస్‌ను మొదటి నుంచి ఎక్కించడం. రెండోది, పాత డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీయడం. దీన్నే క్లోనింగ్ అంటారు. వైరస్ పట్టిన కంప్యూటర్‌కు, ఏళ్ల తరబడి చెత్త పేరుకున్నదానికి మొదటి దారి మంచిది. విండోస్ లైసెన్సు పోతుందన్న భయం అక్కర్లేదు. విండోస్ 10, 11లలో డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డిస్కు మారినా ఇంటర్నెట్ తగలగానే మళ్లీ దానంతటదే గుర్తిస్తుంది.

అయితే తెలుగు పని చేసే కంప్యూటర్లకు క్లోనింగ్ వైపు మొగ్గడానికి బలమైన కారణం ఉంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడుతూ వచ్చారు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాని సీడీ గానీ లైసెన్సు గానీ పోయి ఉంటే కొత్తగా ఎక్కించే దారి లేదు. అలాంటి యంత్రాన్ని నకలు తీయడమే మార్గం. యూనికోడ్ వాడేవారికీ చిన్న జాగ్రత్త ఉంది. యానాం పక్కన పారే గౌతమి పేరే ఉన్న తెలుగు ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. విండోస్ 10 నుంచి అది వెంట రాదు. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు ఫాంట్లను విడిగా ఎక్కించుకోవాలి. అంతవరకూ పాత ఫైళ్లు వేరే ఫాంటులో కనిపించి పేజీల అమరిక చెదరవచ్చు.

నకలు తీసే ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. అది లేకపోతే డిస్కులోని సమాచారం ఎవరికీ తెరుచుకోదు. రెండోది, డిస్కు అమరిక పాత ఎమ్‌బీఆర్ పద్ధతిలో ఉందా, కొత్త జీపీటీ పద్ధతిలో ఉందా అన్నది. ఎమ్‌బీఆర్ 2 టెరాబైట్లకు మించిన చోటును వాడుకోలేదు. విండోస్ 11 ఎక్కించాలంటే జీపీటీ కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి డిస్కు మార్చే సమయంలోనే విండోస్ 11కు మారడం గురించి ఆలోచించుకోవడం మేలు.

నకలుకు సాధనాలు చాలా ఉన్నాయి. శాంసంగ్, సీగేట్, వెస్టర్న్ డిజిటల్ లాంటి సంస్థలు తమ డిస్కు కొన్నవారికి క్లోనింగ్ ప్రోగ్రామ్‌ను ఉచితంగా ఇస్తాయి. తైవాన్‌లో తయారైన క్లోనెజిల్లా కూడా ఉచితమే. దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి. మామూలుగా అది కొత్త డిస్కు పాతదాని కన్నా చిన్నది కాకూడదంటుంది. పాత డిస్కులో చదవలేని చోట్లు ఉంటే మామూలు ప్రోగ్రామ్ అక్కడే చిక్కుకుపోతుంది. అలాంటప్పుడు జీఎన్‌యూ డీడీ రెస్క్యూ వాడాలి. అది ముందు బాగున్న భాగాలన్నీ తీసుకుని, పాడైనవాటి కోసం తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది.

కొత్త డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో గానీ, డెస్క్‌టాప్ అయితే నేరుగా రెండో సాటా కేబుల్‌తో గానీ తగిలించాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది పరిమాణం, మోడల్ నంబరు చూసి రెండుసార్లు నిర్ధారించుకోవాలి. ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు ఖాళీ డిస్కును నిండిన డిస్కు మీదికి నకలు చేయడం. అది ఒకసారి మొదలైతే వెనక్కి తీసుకోవడం కుదరదు. 500 గిగాబైట్లు సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో నకలవడానికి సుమారు గంటన్నర పడుతుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో నాలుగు గంటల దాకా పట్టవచ్చు. ఆ సమయమంతా యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించి ఉంచాలి. మధ్యలో కరెంటు పోయినా పాత డిస్కులో సమాచారం మారదు, నకలు మాత్రం మళ్లీ మొదటి నుంచి తీయాలి.

నకలయ్యాక కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ లోహాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే వెనక మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ విడదీయాలి. పాత డిస్కును విప్పి పక్కన పెట్టి, కొత్తదాన్ని దాని చోట బిగించాలి. మరలు బిగుతుగా ఉండాలి గానీ బలం పెట్టి తిప్పకూడదు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు తగిలించి ఉండకూడదు. రెండూ ఉంటే కంప్యూటర్ పాతదాని నుంచే లేచి, అంతా సవ్యంగా ఉందన్న భ్రమ కలిగించవచ్చు. పైగా రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండడంతో విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.

కొత్త డిస్కు నుంచి లేవకపోతే బయోస్‌లోకి వెళ్లి బూట్ వరుసలో దాన్ని మొదట పెట్టాలి. ఎమ్‌బీఆర్ డిస్కుకు పాత లెగసీ పద్ధతి, జీపీటీ డిస్కుకు యూఈఎఫ్ఐ పద్ధతి సరిపోతాయి. ఈ రెండూ తారుమారైతే నకలు ఎంత బాగా వచ్చినా కంప్యూటర్ లేవదు. లేచాక కొత్త డిస్కులో మిగిలిన ఖాళీ చోటును డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌కు కలుపుకోవచ్చు. సీ డ్రైవ్‌కూ ఖాళీ చోటుకూ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డుంటే దాన్ని జరిపే ప్రోగ్రామ్ వాడాలి. ఆ తర్వాత ప్రింటర్, స్కానర్, తెలుగు కీబోర్డు, ట్యాలీ, బ్యాంకు పనులు ఒక్కొక్కటే నడిపి చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నా పాత డిస్కును వెంటనే చెరపకూడదు. కనీసం నెలరోజులు తేదీ రాసి పక్కన ఉంచాలి. నెలకోసారి చేసే పనులుంటాయి. ఏ ఫైలు రాలేదో అప్పుడే బయటపడుతుంది.

ఆ గడువు తీరాక పాత డిస్కును అమ్మాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా పూర్తిగా చెరిపే ఇవ్వాలి. ఫైళ్లు డిలీట్ చేయడం, క్విక్ ఫార్మాట్ కొట్టడం సరిపోవు. పుస్తకంలో విషయసూచిక చింపినంత మాత్రాన పేజీలు పోవు. ఫార్మాట్ చేసిన డిస్కులో సమాచారం కూడా అలాగే ఉండిపోతుంది. తిరిగే డిస్కు మొత్తం మీద ఒకసారి సున్నాలు రాస్తే చాలు, తర్వాత ఎవరూ వెనక్కి తీయలేరు. ఎస్ఎస్‌డీకి మాత్రం దాని కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అసలే పనిచేయని డిస్కు అయితే పళ్లాలను పాడుచేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వాలి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. డిస్కును చెత్తకుప్పలో గానీ కాలువలో గానీ పారేస్తే అందులోని లోహాలు నేలలోకీ నీటిలోకీ చేరతాయి.

మొదట సొంత ఫైళ్లకు కాపీ, తర్వాత సిస్టమ్ నకలు, ఆ తర్వాత బిగింపు, పరీక్ష, అన్నిటికన్నా చివర పాతదాన్ని చెరపడం. ఈ వరుస తప్పకపోతే డిస్కు మార్చడం ఒక పూట పని. వరుస తప్పితే పోయేది డబ్బుతో రాదు. టక్‌టక్ చప్పుడు మొదలయ్యేదాకా ఆగకుండా, డిస్కు బాగున్న రోజునే ప్రతి ఇంట్లోనూ ఒక కాపీ తీసి, దాన్ని వరద నీరు అందని చోట ఉంచుకోవాలి.